వీటి నడుమ గల

రాజోలు సబ్ రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
రేకుల పంచలో నా బల్ల.
ముప్పయ్యొక్కేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ భూములన్నీ
నా చేతిమీదుగా చేతులు మారాయి.
నా గోళ్ళలో మట్టి లేదు. సిరా ఉంది.

అడిగేవాళ్ళు మారతారు, అడిగేవి మారవు.
ఈసీ ఎన్నేళ్ళకి తీయించాలండీ?
లింకు దస్తావేజు చెదలు తినేసింది, నకలు పనికొస్తుందా?
అత్తారింట్లో ఉన్న చెల్లెలు కూడా వచ్చి వేలిముద్ర వెయ్యాలా?
మలికిపురం సెంటర్లో షాపు కొంటున్నానండి,
అద్దెకున్న టైలరు లేవనంటే
అతనితో సహా కొన్నట్టేనా?
దానికి నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది.
ఇంచుమించు అంతే మరి.

జవాబులు నాకు కంఠతా.
కొబ్బరితోటైతే చెట్ల లెక్క రాయించుకో.
ఇల్లైతే గోడ ఎవరిదో ముందు తేల్చుకో.
బయానా ఇచ్చేముందు పాసుపుస్తకంలో పేరు చూడు,
ఆ పేరుగల మనిషిని కూడా చూడు.

కిందటి వైశాఖంలో సర్వరు పడిపోయి
అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఒకే బెంచీమీద
టీలు తాగుతుంటే
నేలపూడి సువర్తమ్మ వచ్చింది.
కాళ్ళకి లంక ఇసుక.
చేతిలో ఎరువుల సంచి.
కాగితాలనుకున్నాను. వంకాయలు.

"మా నాన్న దున్నాడండి, ఇప్పుడు నేను దున్నుతున్నాను.
ఎకరం ఇరవై సెంట్లు.
మా ఇంటిపేరులో నేలుంది చూడండి,
అదొక్కటే మాకున్న పట్టా."

కాగితం లేకపోతే ఏం చెయ్యలేనమ్మా, అన్నాను.
రోజుకి నాలుగుసార్లు అనే మాట,
అనడానికి నోరు కూడా పూర్తిగా తెరవక్కర్లేదు.

ఆవిడ లేవలేదు.
"పక్కోళ్ళ కాగితాల్లో చూడండి ఓసారి."

నకళ్ళు తీయించడానికి పదకొండు రోజులు పట్టింది.
డెబ్భై నాలుగులో తూర్పు చేను అమ్మినప్పుడు:
పడమర, నేలపూడి పరంజ్యోతి సాగుచేయుచున్న భూమి.
ఎనభై ఒకటిలో దక్షిణం చేను తాకట్టు పెట్టినప్పుడు:
ఉత్తరం, సదరు పరంజ్యోతి గట్టు.
తొంభై ఆరులో పడమటివాళ్ళ పంపకాల్లో:
తూర్పు, పరంజ్యోతి కూతురి దొండపందిరి.

ఉత్తరాన వశిష్ఠ.
ఆవిడ ఎవరికీ ఏమీ రాసివ్వదు.
ఓ ఏడు పది సెంట్లు కోసుకుపోతుంది,
ఓ ఏడు తెచ్చి పడేస్తుంది,
స్టాంపు డ్యూటీ లేకుండా.

మూడు నకళ్ళూ బల్లమీద మూడు దిక్కులా పరిచాను.
మధ్యలో బల్లచెక్క మిగిలింది,
సరిగ్గా ఒక దస్తావేజు పట్టేటంత.
అందరి హద్దుల్లోనూ ఉన్న మనిషి
తన హద్దుల్లో లేడు.

"ఇది చాలుద్దాండీ?"

ఇది దస్తావేజు కాదమ్మా, అన్నాను.
సాక్ష్యమవుతుందేమో. ప్లీడరుగారికి చూపించు.
కోర్టు ఏమంటుందో నాకు తెలీదు.
ఆ ఆఖరి మాట
బల్లమీద కూర్చున్నాక ఎవరితోనూ అన్లేదు నేను.
ఆయ్, అలాగేనండి, అని
నకళ్ళు సంచిలో పెట్టుకుంది.
వంకాయలు వద్దంటే వినలేదు.

మొన్న శ్రావణంలో ఆ తూర్పు చేను మళ్ళీ అమ్మకానికొచ్చింది.
కొనేవాడు కాకినాడ మనిషి, తెల్లచొక్కా,
రొయ్యల చెరువు తవ్వుతాట్ట.
"పడమర ఎవరి పేరూ ఎందుకండీ,
లంక పోరంబోకు అని రాసెయ్యండి, సరిపోద్ది."
ఫీజు పైన ఇంకో రెండు నోట్లు పెట్టాడు.

కంప్యూటరు కుర్రాడు 'పో' కొట్టేశాడు అప్పటికే.

వాడి చెయ్యి పక్కకి జరిపి
చాలాకాలానికి నేనే టైపు చేశాను,
ఒంటివేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ:
పడమర, నేలపూడి పరంజ్యోతి కుమార్తె సువర్తమ్మ
సాగులో ఉన్న భూమి.

కొనేవాడు ఏదో అంటున్నాడు.
నేను వినడంలేదు.
సువర్తమ్మలో వత్తులు రెండూ పడ్డాయో లేదో
అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూస్తున్నాను.